లాప్‌టాప్ రిపేరుకి ఇస్తూ పాస్‌వర్డ్ కూడా ఇచ్చేస్తున్నారా?

ఈ వారం వచ్చిన మెయిల్స్‌లో ఒకటి చదివాక మిగతావి పక్కన పెట్టేశాను. ఖమ్మం జిల్లా నుంచి ఒక తల్లి రాశారు. వాళ్లమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. లాప్‌టాప్ కీబోర్డులో నాలుగైదు అక్షరాలు పడటం లేదని ఒక షాపులో ఇచ్చింది. ‘పాస్‌వర్డ్ చెప్పండి, చెక్ చేయాలి కదా’ అన్నారట. చెప్పింది. అక్కడి కుర్రాడు దాన్ని చిన్న కాగితం మీద రాసి లాప్‌టాప్ మూతకే అతికించాడు. రెండు రోజుల తర్వాత కీబోర్డు బాగై వచ్చింది. కానీ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరవగానే కనిపించే రీసెంట్ ఫైల్స్‌లో, తను ఏడాదిగా ముట్టుకోని ఫొటోలు వరసగా ఉన్నాయి. సరిగ్గా లాప్‌టాప్ షాపులో ఉన్న ఆ రెండు రోజుల తేదీలతో.

‘అప్పట్నుంచి పిల్ల సరిగ్గా తిండి తినడం లేదండీ. ఆ ఫోల్డర్‌ని హిడెన్ చేసిపెట్టుకుంది. విండోస్‌కి పాస్‌వర్డ్ ఉంది. ఇంతకన్నా ఏం చేయాలండీ?’ అని అడిగారామె.

అమ్మా, ముందు మీరు అడగని దానికి జవాబు చెప్తాను. ఇందులో మీ అమ్మాయి తప్పేమీ లేదు. కీబోర్డు మార్చడానికి ఇచ్చిన అనుమతి, ఫొటోలు చూడటానికి ఇచ్చిన అనుమతి కాదు. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్లోకి వెళ్లడం, డేటా కాపీ చేసుకోవడం మన ఐటీ చట్టం 2000 లోని సెక్షన్ 43 కిందికి వస్తాయి. దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. కాబట్టి ఆ లాప్‌టాప్‌ని కోపంతోనో భయంతోనో ఫార్మాట్ చేయించకండి, ఉన్న ఆధారం కాస్తా పోతుంది. విండోస్ కీ, ‘ఆర్’ కలిపి నొక్కి, వచ్చిన చిన్న బాక్సులో ఇంగ్లిష్‌లో ‘రీసెంట్’ అని టైప్ చేసి ఎంటర్ కొడితే ఇటీవల తెరిచిన ఫైళ్ల జాబితా తేదీ, టైముతో వస్తుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. రిపేరు బిల్లు, లాప్‌టాప్ ఇచ్చిన తేదీ, తెచ్చుకున్న తేదీ, షాపువాళ్లతో వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే ఆ మెసేజ్‌లు అన్నీ దాచండి. వాటితో సైబర్ క్రైమ్ పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చు, లేదా కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చు. హెల్ప్‌లైన్ నంబరు 1930.

ఆ ఫొటోల్లో బయటపడకూడనివి ఉంటే, ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే ఉచిత సర్వీసు ఉంది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్ల కోసం. దీనికి ఫొటో పంపక్కర్లేదు. మన ఫోన్లోనో కంప్యూటర్లోనో ఆ ఫొటోకి ఒక డిజిటల్ వేలిముద్ర లాంటిది తయారవుతుంది. ఆ ముద్ర మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి వెళ్తుంది. అక్కడ ఎవరైనా అదే ఫొటో పెట్టబోతే గుర్తుపట్టి ఆపడానికి వీలవుతుంది. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి వెళ్లేదాన్ని ఇది ఆపలేదు. అయినా చేసి ఉంచడం మంచిది.

ఇక, ఇది మీ ఒక్కరికే జరిగిన సంగతి అనుకోకండి. కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీ వాళ్లు 2022లో ఒక పరిశోధన చేశారు. లాప్‌టాప్‌లలో ఆడియో డ్రైవర్‌ని వాళ్లే ఆపేసి, ‘సౌండ్ రావడం లేదు’ అని రిపేరు షాపుల్లో ఇచ్చారు. లోపల ఏం జరుగుతుందో రికార్డయ్యే ఏర్పాటు కూడా చేశారు. ఆరు చోట్ల టెక్నీషియన్లు పనితో సంబంధం లేని సొంత ఫైళ్లు తెరిచి చూశారు. రెండు చోట్ల ఏకంగా కాపీ చేసుకున్నారు. కొందరు తాము చూసిన జాడ కనిపించకుండా రీసెంట్ జాబితాని చెరిపేశారు కూడా. అంటే మీ లాప్‌టాప్‌లో ఆ జాబితా ఖాళీగా ఉన్నంత మాత్రాన ఎవరూ చూడలేదని కాదన్నమాట. ఫోల్డర్‌ని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి లాగేసినా ఆ జాబితాలో ఫొటోల పేర్లు రావు.

అంతకు ముందు 2008లో హాంకాంగ్ నటుడు ఎడిసన్ చెన్ ఉదంతం ప్రపంచమంతా చూసింది. ఆయన లాప్‌టాప్ రిపేరుకిస్తే, అందులోని ఫొటోలు కాపీ అయి ఇంటర్నెట్లోకి వచ్చాయి. మరుసటి ఏడాది ఆ టెక్నీషియన్‌కి జైలుశిక్ష పడింది. కానీ శిక్ష పడ్డాక ఫొటోలు వెనక్కి రాలేదు కదా. ఆ ఫొటోల్లో ఉన్న నటీమణులకి జరిగిన నష్టం ఆయనకి జరిగినదానికన్నా ఎక్కువ.

రిపేరు షాపులన్నీ ఇలాంటివేనని నేననడం లేదు. సికింద్రాబాద్ సీటీసీలో పాతికేళ్లుగా నాకు తెలిసినవాళ్లున్నారు. కస్టమర్ ఎదురుగా కూర్చుంటే తప్ప లాప్‌టాప్ ఆన్ చెయ్యనివాళ్లూ ఉన్నారు. కానీ మన ఫైళ్ల భద్రత ఎదుటివాడి మంచితనం మీద ఆధారపడి ఉండకూడదు.

ఇప్పుడు ఆమె ప్రశ్నకి వద్దాం. హిడెన్ పెట్టడం అంటే తాళం వేయడం కాదు, డబ్బా మీద తుండుగుడ్డ కప్పడం. ఎక్స్‌ప్లోరర్‌లో ‘వ్యూ’లోకి వెళ్లి ‘హిడెన్ ఐటమ్స్’ మీద టిక్ పెడితే అన్నీ కనిపిస్తాయి. పైగా హిడెన్ ఫోల్డర్లు కాస్త వెలసిన రంగులో కనబడతాయి కాబట్టి, ‘ఇందులో ఏదో ఉంది’ అని మనమే చెప్పినట్టవుతుంది. ఫోల్డర్ లాక్ అంటూ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఇదే పని కాస్త ఆర్భాటంగా చేస్తాయి. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒక బ్యాచ్ ఫైల్ తిరుగుతుంటుంది, డబుల్ క్లిక్ చేస్తే పాస్‌వర్డ్ అడిగి ఫోల్డర్ తెరుస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ నొక్కండి. పాస్‌వర్డ్ లోపలే అక్షరాల్లో రాసి ఉంటుంది. గుమ్మానికి తాళం వేసి, తాళంచెవి అదే గుమ్మానికి మేకు కొట్టి తగిలించినట్టు.

మరి విండోస్ పాస్‌వర్డ్? అది గుమ్మం దగ్గర కాపలావాడు మాత్రమే. గోడ పక్కనుంచి వచ్చేవాణ్ణి ఆపలేడు. ఎన్‌క్రిప్షన్ లేని లాప్‌టాప్ నుంచి హార్డ్‌డిస్క్ విప్పి, కొన్ని వందల రూపాయలకి దొరికే కేసులో పెట్టి ఇంకో కంప్యూటర్‌కి యూఎస్‌బీతో తగిలిస్తే చాలు. మహా అయితే ‘ఈ ఫోల్డర్ చూసే అనుమతి మీకు లేదు’ అని ఒక మెసేజ్ వస్తుంది. ఆ కంప్యూటర్ యజమాని ‘కంటిన్యూ’ నొక్కితే అదీ తొలగిపోతుంది. విప్పే ఓపిక లేకపోతే పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకుని దాంతో లాప్‌టాప్ ఆన్ చేసినా సరిపోతుంది. విండోస్ పాస్‌వర్డ్ అడిగే ప్రసక్తే రాదు.

ఇక్కడ మన ఊళ్లలో ప్రత్యేకంగా ఉండే ఇంకో చిక్కు చెప్పాలి. కంప్యూటర్ అసెంబుల్ చేసి ఇచ్చేవాళ్లు ‘ఫార్మాట్ చేస్తే సీ డ్రైవ్ పోతుంది సార్, మీ ఫొటోలన్నీ డీ డ్రైవ్‌లో పెట్టుకోండి’ అని చెప్పి వెళ్తారు. సలహా మంచిదే. కానీ విండోస్ మనకి వేరువేరు యూజర్ల మధ్య కట్టే గోడ సీ డ్రైవ్‌లో ‘యూజర్స్’ ఫోల్డర్ కింద ఉన్నవాటికే. డీ, ఈ డ్రైవ్‌లు మామూలుగా ఆ కంప్యూటర్లో ఉన్న యూజర్లందరికీ తెరిచే ఉంటాయి. ఇంట్లో అన్నకో అకౌంటు, చెల్లికో అకౌంటు పెట్టి, ఇద్దరి ఫైళ్లూ డీ డ్రైవ్‌లో పెడితే ఆ అకౌంట్ల వల్ల ఒరిగేదేమీ లేదు.

నిజమైన తాళం ఒక్కటే, ఎన్‌క్రిప్షన్. అంటే ఫైల్లో ఉన్నదాన్ని పాస్‌వర్డ్ ఆధారంగా గందరగోళపు అంకెలుగా మార్చేయడం. డిస్క్ విప్పి ఎక్కడ తగిలించినా ఆ గందరగోళమే కనిపిస్తుంది. విండోస్‌లో ఇది విస్టా కాలం నుంచీ బిట్‌లాకర్ పేరుతో ఉంది. మీది ప్రో ఎడిషన్ అయితే డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేస్తే ‘టర్న్ ఆన్ బిట్‌లాకర్’ కనబడుతుంది. హోమ్ ఎడిషన్ అయితే సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’లోకి వెళ్లండి, అక్కడ ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ అని ఉంటుంది. పాత లాప్‌టాప్‌లకి ఆ చిప్ లేకపోతే ఆప్షనే కనబడదు. మాక్ వాడేవాళ్లకి ఇదే పని ఫైల్‌వాల్ట్ చేస్తుంది.

బస్సులో లాప్‌టాప్ పోయిందనుకోండి, ఎంజీబీఎస్‌లో బ్యాగు మారిపోయిందనుకోండి, బిట్‌లాకర్ ఉంటే పోయేది లాప్‌టాప్ ఖరీదే. లోపలివి ఎవరికీ దక్కవు. అయితే మన ఖమ్మం అమ్మాయి సంగతిలో ఇది ఉన్నా లాభం లేకపోయేది. ఎందుకంటే ఆమె పాస్‌వర్డ్ చెప్పేసింది. లాగిన్ అయిన మరుక్షణం బిట్‌లాకర్ తలుపులన్నీ బార్లా తెరుస్తుంది. ఎదురుగా ఉన్నది యజమానా, షాపు కుర్రాడా అని దానికి తెలీదు. చాలామంది ఈ తేడా పట్టించుకోరు. దొంగ నుంచి కాపాడే తాళం వేరు, మనమే చేతికి ఇచ్చినవాడి నుంచి కాపాడే తాళం వేరు.

రెండోదానికి కావలసింది, లాగిన్ అయ్యాక కూడా మూసి ఉండే పెట్టె. నేను వాడేది వెరాక్రిప్ట్. ఉచితం. ట్రూక్రిప్ట్ అని పాతది ఒకటుండేది, 2014లో దాని తయారీదారులు ఆపేశారు. దాని ఆధారంగా వచ్చిందే ఇది. ఇన్‌స్టాల్ చేశాక ‘క్రియేట్ వాల్యూమ్’ నొక్కి, ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ కంటైనర్ ఎంచుకోండి. ఎక్కడ పెట్టాలో, ఎంత సైజు కావాలో, పాస్‌వర్డ్ ఏమిటో అడుగుతుంది. పది జీబీ అన్నారనుకోండి, పది జీబీల ఒకే ఒక ఫైల్ తయారవుతుంది. ఆ ఫైల్‌ని వెరాక్రిప్ట్‌లో ఎంచుకుని ‘మౌంట్’ అంటే పాస్‌వర్డ్ అడిగి, ఎక్స్‌ప్లోరర్‌లో కొత్త డ్రైవ్‌లాగా చూపిస్తుంది. ఫొటోలు, పట్టాదారు పాస్‌బుక్ స్కాన్లు, మెడికల్ రిపోర్టులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అందులో పెట్టుకుని, పని అయ్యాక అన్‌మౌంట్ చేసేయండి. పాత వెర్షన్లలో దాన్నే డిస్‌మౌంట్ అంటారు. బయటివాడికి కనబడేది అర్థంకాని ఒక పెద్ద ఫైల్ అంతే. ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నా, గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించినా భయం లేదు.

అందులోకి ఫైళ్లని మార్చాక, పాతచోట డిలీట్ చేస్తే పూర్తిగా పోయినట్టు కాదు. మామూలు హార్డ్‌డిస్క్‌లో డిలీట్ అంటే విషయసూచికలోంచి పేరు కొట్టేయడమే, పేజీ చింపడం కాదు. రికూవా లాంటి సాఫ్ట్‌వేర్‌తో తిరిగి తీయొచ్చు. అందుకే అసలు ముందే బిట్‌లాకర్ వేసి, దాని మీద ఈ పెట్టె పెట్టుకోవడం నా పద్ధతి. రెండూ ఉంటే ఈ బాధ ఉండదు, విప్పిన డిస్కులో వెతకడానికి ఏమీ మిగలదు.

వెరాక్రిప్ట్ కష్టంగా ఉందనుకునేవాళ్లకి సెవెన్‌జిప్ ఉంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘యాడ్ టు ఆర్కైవ్’ అని, ఫార్మాట్ దగ్గర సెవెన్‌జెడ్ ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి. అక్కడే ‘ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్’ అని ఉంటుంది, దాని మీద టిక్ మరచిపోవద్దు. లేకపోతే ఫైల్ తెరుచుకోకపోయినా లోపల ఏ పేర్లున్నాయో అందరికీ కనిపిస్తాయి. ‘విడాకుల నోటీసు’, ‘హాస్పిటల్ రిపోర్ట్’ అన్న పేర్లు చాలు, లోపలిది చదవక్కర్లేదు. జిప్ ఫార్మాట్‌లో పాత పద్ధతి ఎన్‌క్రిప్షన్‌ని నమ్ముకోవద్దు, దాన్ని ఛేదించే సాధనాలు ఎప్పట్నుంచో ఉన్నాయి.

పాస్‌వర్డ్ గురించి ఒక మాట. మనకి బాగా అలవాటైన పాస్‌వర్డ్ ఫైల్ ఏది? ఈ-ఆధార్ పీడీఎఫ్. పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిష్ పెద్దబడిలో, తర్వాత పుట్టిన సంవత్సరం. ఇది ఆధార్ సంస్థ బహిరంగంగా చెప్పిన సూత్రమే. ఫైల్ దొరికినవాడికి పేరు ఎలాగూ తెలుసు, పుట్టిన సంవత్సరం వాట్సాప్ గ్రూపులో మనం కేకు కోసిన రోజున అందరికీ తెలుస్తుంది. కాబట్టి అది తాళం వేసిన ఫైలే కదా అని డెస్క్‌టాప్ మీదో నెట్ సెంటర్ కంప్యూటర్లోనో వదిలేయకండి. ఎక్కడైనా ఇవ్వాల్సి వస్తే, తీసుకుంటామంటే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఇక మీ సొంత ఫైళ్లకి మాత్రం ఈ సూత్రం వాడొద్దు. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా రాసుకోండి, మీకే నవ్వొచ్చేలా ఉంటే గుర్తుంటుంది.

ఫైళ్లకన్నా ప్రమాదకరమైనది ఇంకోటుంది. అది బ్రౌజర్. క్రోమ్‌లో మనం సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లన్నీ సెట్టింగ్స్‌లో చూడొచ్చు, విండోస్ పిన్ అడిగి చూపించేస్తుంది. అదే పిన్ కాగితం మీద రాసి మూతకి అతికించి ఉందాయె! జీమెయిల్ తెరిచే ఉంటుంది. వాట్సాప్ వెబ్ కూడా. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అంటారే, అచ్చంగా అదే. కాబట్టి ఖమ్మం అమ్మాయి ఈ రోజే చేయాల్సిన పని, వేరే ఫోన్లోంచి జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, మిగతా డివైస్‌లన్నిట్లోనూ సైన్ అవుట్ చేయడం. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ చూసి తెలియనివి తీసేయడం. తర్వాత బ్యాంకు పాస్‌వర్డ్‌లు.

ఇక రిపేరుకి ఇవ్వక తప్పదు, ఎలా ఇవ్వాలి? శామ్‌సంగ్ ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్ ఫోన్లలో రిపేర్ మోడ్ అని ఉన్నాయి, ఆన్ చేస్తే మన డేటా కనబడకుండానే ఫోన్ పరీక్షించొచ్చు. విండోస్‌లో అలాంటి బటన్ పెట్టాలని మైక్రోసాఫ్ట్‌కి ఎందుకు తోచలేదో నాకర్థం కాదు. మనమే చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో ‘అదర్ యూజర్స్’, అక్కడ ‘యాడ్ అకౌంట్’. మెయిల్ ఐడీ అడిగితే ‘ఈ వ్యక్తి వివరాలు నా దగ్గర లేవు’ అన్న లింకు, ఆ తర్వాత ‘మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా’ అన్న లింకు నొక్కండి. పేరు ‘రిపేర్’ అని పెట్టి, రకం స్టాండర్డ్ యూజర్‌గానే ఉంచండి. షాపులో ఈ పాస్‌వర్డే చెప్పండి. కీబోర్డు, స్క్రీన్, బ్యాటరీ, స్పీకర్, కెమెరా పరీక్షించడానికి ఇది సరిపోతుంది. బ్యాటరీ మార్చడానికైతే ఏ పాస్‌వర్డూ అక్కర్లేదు. డ్రైవర్లు వేయాలి, అడ్మిన్ కావాలి అంటే, ‘వేసేటప్పుడు పిలవండి, నేను వచ్చి కొడతాను’ అనండి. సిగ్గుపడాల్సిన పని లేదు. డీ డ్రైవ్‌లో ఉన్నవి మాత్రం ముందే వెరాక్రిప్ట్ పెట్టెలోకి వెళ్లిపోయి ఉండాలి.

చివరగా, ఇంతవరకూ చదివి ఇప్పుడే బిట్‌లాకర్ ఆన్ చేయబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. దీనికి 48 అంకెల రికవరీ కీ ఒకటుంటుంది. మదర్‌బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయోస్ అప్‌డేట్ అయినా నీలం స్క్రీన్ మీద ఆ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ ఫైళ్లు మీకూ రావు, మైక్రోసాఫ్ట్ వాళ్లూ తీయలేరు. విండోస్ 11 కొత్త వెర్షన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెడితే ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతోంది. మా పెద్దనాన్న కొడుక్కి అదే జరిగింది. లాప్‌టాప్‌కి తాళం పడిందనే ఆయనకి తెలీదు. మదర్‌బోర్డు మార్పించాక కీ అడిగింది. మైక్రోసాఫ్ట్ అకౌంటేమో కొన్నరోజు షాపులో ఎవరో వాళ్ల సొంత మెయిల్‌తో తెరిచిచ్చారు. పిల్లల చిన్నప్పటి వీడియోలు ఇప్పటికీ ఆ డిస్క్‌లోనే ఉన్నాయి. ఉన్నా లేనట్టే.

కాబట్టి ఈ సాయంత్రం మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లోకి వెళ్లి, డివైసెస్ కింద మీ లాప్‌టాప్ పేరు, దాని రికవరీ కీ ఉన్నాయో లేదో చూడండి. ఆ 48 అంకెలూ ప్రింటు తీయండి లేదా చేత్తో రాసి రెండుసార్లు సరిచూసుకోండి. వెరాక్రిప్ట్ పాస్‌వర్డ్‌కి ఈ రికవరీ సౌకర్యం కూడా లేదు, మరచిపోతే అంతే సంగతులు. అందుకని దాన్నీ అదే కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, ఇంటి దస్తావేజులు ఉన్న బీరువాలో ఉంచండి. ఆ కవర్ అక్కడుందని ఇంట్లో ఒక్కరికి చెప్పండి. లాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి.